గంజిగుడ్డ

ముందు గుడ్డకి అన్నం పెట్టాలి.
మా కమాసన్‌లో ఏ బొమ్మైనా అక్కడే మొదలు.
బియ్యప్పిండి జావలో నూలుగుడ్డ ముంచి,
పోగు పోగుకీ గంజి దిగేదాకా పిసికి,
ఎండలో పరుస్తాం.
ఎండాక గవ్వతో రుద్దడం నా పని.
వెదురుకి కట్టిన పెద్ద గవ్వ,
దాని వీపు నా అరచేతికన్నా నున్నన.
రుద్దగా రుద్దగా గుడ్డ చేపపొట్టలా మెరిసినప్పుడు
వా సుదర్గ వచ్చి వేలితో మీటి చూస్తాడు.
టప్‌మంటే సరే.
లేకపోతే మళ్ళీ ఎండకి.

వా అంటే మా నాన్నకి అన్న.
గీత ఆయనది, రంగు నాది.
ఎవరూ నోటితో అనని ఒప్పందం:
మొదటి గీత మగవాళ్ళది, రంగు ఆడవాళ్ళది,
చివరి గీత మళ్ళీ మగవాళ్ళదే.
ముప్పైయొక్క ఏళ్ళుగా
దేవతల పంచెలకి ఎరుపు నింపాను,
సెరంగాన్ దీవి రాయి నూరి ఒంటిరంగు పూశాను,
పంది ఎముక కాల్చి కోరలకి తెలుపు తెచ్చాను.
నలుపు మాత్రం ముట్టలేదు.
దీపం మసి ఆయన కొబ్బరిచిప్పలో ఉంటుంది.
దానికో మూత, మూత మీదో రాయి.

ఈసారి గుడి పుట్టినరోజుకి
పెద్దలు అడిగింది కాల రౌ కథ.
దేవతల పంక్తిలో దొంగగా కూర్చుని
అమృతం గుక్క పట్టాడు,
గొంతు దాటేలోపు చక్రం వచ్చింది.
చావడం చేతకాని తల పైన మిగిలింది.
ఒళ్ళు భూమ్మీద పడి వడ్లు దంచే రోలైందట.
అందుకే వాడు రతీదేవిని మింగినప్పుడల్లా
(మా దగ్గర చంద్రుడు ఆడది)
మేం రోళ్ళు బాదుతాం.

నా ఎనిమిదో ఏట ఒక గ్రహణం రాత్రి
అమ్మ రోకలి చేతికిచ్చి కొట్టవే అంది.
వీధంతా రోళ్ళు, బిందెలు, ఎవరిదో స్కూటరు హారను.
నాలుగు దెబ్బలు వేసి ఆగిపోయాను.
ఇది వాడి పొట్టే కదా,
ఆకలిగొన్నవాడి పొట్ట మీద కొట్టడమేంటి అన్నాను.
అమ్మ నవ్వలేదు.
రోకలి లాక్కుంది.

నిన్న పొద్దువాలేసరికి అంతా పూర్తయింది.
మేఘాల నడుమ సందుల్ని కూడా వదలక
గాలిచుట్టలతో నింపేశాం,
మా బొమ్మల్లో ఖాళీకి చోటుండదు.
వా ఒక కన్ను పెట్టాడు.
రెండోదానికి చెయ్యెత్తితే కలం వణికింది.
ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకున్నాడు,
రెండూ వణికాయి.
కాసేపు పెరట్లో కోడి వైపు చూసి
చిప్ప మీది రాయి తీసి, చిప్పని నా వైపు జరిపాడు.
ఏమీ అనలేదు. దగ్గాడు.

సన్నకళ్ళు దొరలకి, గుడ్లకళ్ళు రాక్షసులకి,
ఆ లెక్క నాకు నిద్రలోనూ వచ్చు.
గుండ్రంగానే గీశాను.
కలం ఎత్తబోతూ ఎక్కడో ఊపిరి తప్పింది,
నల్లగుడ్డు ఆవగింజంత కిందికి జారింది.
అంతే.
వాడిప్పుడు చంద్రుణ్ణి చూడడం లేదు.
నోటినిండా వెన్నెల పెట్టుకుని
కిందికి,
తన రోలు వైపు చూస్తున్నాడు.

చెరుపుదామా అన్నాను.
మసి చెరగదని ఇద్దరికీ తెలుసు.
వా కళ్ళజోడు నుదుటికెత్తి, దించి, మళ్ళీ ఎత్తి,
"నా కన్ను కోపంగా ఉంది" అన్నాడు.
"నీది తిండి కోసం చూస్తోంది. ఉండనీ."
లేచి వంటింట్లోకి పోయి
పొద్దుటి అన్నమే పెట్టుకుని
మిరపకాయ నంజుకుని తిన్నాడు.

ఇవాళ దాన్ని చూరు కింద పొడుగ్గా కట్టారు.
గాలికి లేచి స్తంభాన్ని తాకుతోంది, టప్, టప్.
పూజారి నీళ్ళు చిలకరించి బియ్యం చల్లితే
ఒక గింజ, ఆ తడికి,
వాడి కింది పెదవి మీద అతుక్కుంది.
తుడవమని ఎవరో నాకు సైగ చేశారు.
నేను గోరు కింద మసి గీక్కుంటూ
పళ్ళబుట్ట సర్దుతున్నట్టు వంగాను.